చేతులు కట్టుకునే విద్య

ముప్ఫై ఒక్క ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించాను.
నడుం పోయాక, యాభై మూడో ఏట,
న్యూజిలాండ్ దక్షిణపు కొసన, గోర్ పట్నంలో,
లైబ్రరీ మేడ మీద
బుధవారం సాయంత్రాలు
బడిలో టీచరమ్మకు సాయం ఎలా ఉండాలో
నేర్చుకుంటున్నాను.

పద్నాలుగు మందిమి. మగవాణ్ణి నేనొక్కణ్ణే.
కుర్చీలన్నీ పిల్లలవి.
కూర్చుంటే నా మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి.
పక్కన లోసవేటి, టోంగా మనిషి,
పగలంతా ఆస్పత్రి దుప్పట్లు ఉతికి వస్తుంది.
డబ్బా మూత తీసి, ఉడకబెట్టిన చేమదుంప
నాకూ ఓ ముక్క పెడుతుంది.
"నువ్వు తిను. వినేది నేను వింటాలే."

మాకు చెప్పేది ఫెనెలా ఓగిల్వీ.
మొదటి రోజు బోర్డు మీద ఒక్క మాటే రాసింది:
ఆగు.
పెన్సిలు కింద పడితే నువ్వు వంగకు.
అంకె తప్పేస్తే నోరు మెదపకు.
మనసులో పది లెక్కపెట్టు,
పదీ అయ్యాక ఇంకో పది.
"వాడికి మీరు చేసిపెట్టే ప్రతి పనీ
వాడి చేతిలోంచి మీరు లాక్కున్న పనే."

నవ్వొచ్చింది నాకు.
రోజుకు మూడు వందల గొర్రెలు,
ఒక్కోదానికి నిమిషంన్నర.
షెడ్డులో ఆగినవాడికి కూలెక్కడిది?
ఊరికే నిలబడ్డవాణ్ణి మా నాన్న
పేరు పెట్టి పిలిచేవాడు కాదు,
కంచె గుంజా, అనేవాడు.

ఆ వారం ఇంట్లో సాధన చేశాను.
మోర్వెన్ ఊరగాయ సీసా మూతతో కుస్తీ పడుతోంది.
నేను గుమ్మంలో నిలబడి
ఏడు, ఎనిమిది, తొమ్మిది...
సీసా నా వైపు విసిరినంత పని చేసింది.

జూలై. గడ్డి మీద మంచు
బూట్ల కింద కరకరలాడే పొద్దున
నన్నో తరగతిలో వదిలారు.
వాడి పేరు కహు. ఆరేళ్లు.
ఇంట్లో వాగుడుకాయట, బడిలో మాట లేదు.
గంట మోగిందంటే బల్ల కిందే.

భయం నా మోకాళ్లకు తెలుసు.
గొర్రెను కూలేసి తొడల మధ్య బిగిస్తే
చర్మం కింద సన్నగా అదురుతుందే, అది.
కాళ్లు నేలకు ఆననిస్తే తన్నుకుంటుంది,
ఆననివ్వకుంటే ఊరుకుంటుంది.
ఇన్నేళ్లూ అదే నా చదువు.
ఇక్కడ పట్టుకోకూడదు.
పట్టుకోకుండా ఊరుకోబెట్టే పట్టు
నాకెవరూ చూపించలేదు.

కార్పెట్ మీద పడుకున్నాను, వాడికి బారెడు దూరంలో.
చేతులు రెండూ నడుం కింద నొక్కిపెట్టుకున్నాను,
వాటి మీద నాకు నమ్మకం లేక.
బల్ల అడుగున ఎవరో అంటించిన బబుల్ గమ్,
ఎండి రాయైపోయింది. వాడూ నేనూ దాన్నే చూశాం.
కాసేపటికి వాడో బూటు విప్పి
నా వైపు తోశాడు. లేసు ముడి పడిపోయింది.
ఎన్ని ముళ్లు విప్పాయి ఈ వేళ్లు!
దురదెక్కిపోయాయి.
నేను మోచేత్తో
బూటును సగం దూరం వెనక్కి తోశాను.
అది అక్కడే ఉండిపోయింది,
మా ఇద్దరికీ కాకుండా.

పాలు తాగే వేళయిందని టీచరు పిలిస్తే
ఒంటి బూటుతో వెళ్లిపోయాడు.

ఫారంలో ఒక గడి ఉంది: మీరు చేసిన సాయం.
ఏమీ చెయ్యలేదు, అని రాశాను.
ఫెనెలా కళ్లజోడు మీంచి చూసింది. "ఎంతసేపు?"
ఏడు నిమిషాలు.
"మరి అది రాయవేం?"

రాయనిది ఇంకొకటుంది.
వాడు వెళ్లాక నడుం పట్టేసింది.
బోర్లా తిరగలేను, లేవలేను,
బోర్లించిన తాబేలులా అక్కడే.
వాడు తిరిగొచ్చాడు, మూతికి పాల మీసంతో.
నా తల దగ్గర నిలబడ్డాడు.
చెయ్యి అందించలేదు,
ఎవర్నీ పిలవలేదు.
చూస్తూ ఉన్నాడు,
పెదాలు మాత్రం
సన్నగా కదుపుతూ.
నేను లేచేసరికి
ఏ అంకె దగ్గరున్నాడో.